ఎల్వియో చూసిన రెండో వంతెన

కళ్లజోడు తీసేస్తే ఎల్వియో కొలెత్తికి ముఖానికి దగ్గరగా పెట్టుకున్న తన అరచెయ్యి తప్ప ఏదీ స్పష్టంగా కనిపించదు. పవరు మైనస్ తొమ్మిది. ఆ కళ్లకు జోడు తగిలించుకునే ఆయన ఏళ్ల తరబడి మా పై ఊరి పిల్లల్ని పొద్దున బడి బస్సులో కిందికి దించి, సాయంత్రం మళ్లీ పైకి తీసుకొస్తున్నాడు. ఆ పిల్లల్లో నా కూతురు తుల్లియా కూడా ఉంది. దానికి ఆరేళ్లు.

మా దారికి ఒకవైపు కొండరాయి, ఇంకోవైపు వాగు పారే లోతు. మధ్యలో ఒక ఇరుకు వంతెన ఉంది. ఒక్క బండి మాత్రమే పడుతుంది. బిడ్డ పుట్టినప్పటి నుంచి నాకు అన్నీ భయాలే. మరుగుతున్న నీళ్లంటే భయం, మెట్లంటే భయం, జ్వరం కొలిచే గొట్టంలో అంకె అంటే భయం. ఆ వంతెన గురించి మాత్రం ఎప్పుడూ భయపడలేదు. స్టీరింగు ఎల్వియో చేతిలో ఉందన్న ధైర్యం.

చిన్నప్పుడు ఎల్వియో ఆవుల్ని గంటల మోతను బట్టి గుర్తుపట్టేవాడట. చూపు తక్కువని ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆయనకూ తెలియదు. లోకం అందరికీ అలాగే మంచు పట్టినట్టు ఉంటుందనుకున్నాడు. బడిలో పంతులు కనిపెట్టి జోడు పెట్టించాక, ఇంటికొచ్చి కొట్టం దగ్గర నిలబడి ఏడ్చాడట. ఆవులు స్పష్టంగా కనిపించాయి, కానీ చిన్నవైపోయాయి. మన ఆవుల్ని ఎవరో మార్చేశారని ఒకటే గోల. మైనస్ అద్దం పనే అంత. చూపు సరిచేస్తుంది, లోకాన్ని కాస్త కుదిస్తుంది. కొన్నాళ్లకు మెదడు ఆ కొత్త కొలతలకు సర్దుకుంటుంది. ఎల్వియో కూడా సర్దుకున్నాడు. ఆ చిన్న లోకంలోనే పెరిగాడు, పెళ్లి చేసుకున్నాడు, పిల్లల్ని పెంచాడు.

ఇటలీ కొండల్లోని మా కదోరె లోయలో అందరిలాగే ఆయనా కళ్లజోళ్ల ఫ్యాక్టరీలో చేరాడు. ఫ్రేములో అద్దం బిగించే పని. పక్క బల్ల దగ్గర గ్వెర్రీనో ఉండేవాడు. ఇద్దరూ ముప్ఫై ఏళ్లు భుజం భుజం రాసుకుంటూ పనిచేశారు. మా అమ్మ అదే ఫ్యాక్టరీలో ఫ్రేములకు మెరుగు పెట్టేది. అందుకే ఎల్వియోని నేను బాబాయ్ అంటాను. ఫ్యాక్టరీ మూతపడ్డాక గ్వెర్రీనో ఇంటి కింది గదిలో సొంత యంత్రాలు పెట్టుకున్నాడు. ఎల్వియో బస్సు లైసెన్సు తీసుకున్నాడు.

ఆ అక్టోబరు చివర్లో కట్టెల మోపు కింద పడి ఎల్వియో పాత జోడు నలిగిపోయింది. మా లోయలో కళ్లజోడు షాపులో కొనుక్కోవడమంటే రొట్టెలు కాల్చేవాడు పక్క కొట్లో రొట్టె కొనుక్కున్నంత నామోషీ. మనిషికో జోడు చేసిపెట్టే నేస్తం ఉంటాడు. ఎల్వియోకి గ్వెర్రీనో ఉన్నాడు. తేనెరంగు ప్లాస్టిక్ పలకను కోసి, సానబట్టి, అద్దాలు తెప్పించి, పెద్ద చదరపు జోడు చేసిచ్చాడు. నిజంగా అందమైన జోడు. బస్సు దిగి ఎల్వియో దాన్ని అందరికీ చూపించాడు. నేను కూడా మెచ్చుకున్నాను.

తర్వాతి వారం ఇంట్లో భోజనం దగ్గర తుల్లియా ఒక కన్ను గట్టిగా మూసుకుని గ్లాసులో నీళ్లు పోయబోయింది. నీళ్లు బల్ల మీద పడ్డాయి.

"ఏంటే ఆ వేషాలు?"

"దొంగల ఓడ ఆటమ్మా. ఎల్వియో తాత నేర్పాడు. మలుపు రాగానే తాత ఒక కన్ను మూస్తాడు, మేమంతా మూస్తాం. వంతెన దాటాక తెరవాలి. ముందు తెరిచినవాళ్లు ఓడిపోయినట్టు."

నేను చదివింది భౌతికశాస్త్రం. కింది ఊళ్లో అద్దాలకు పూత పూసే ల్యాబులో ఉద్యోగం. రెండు కళ్లున్న మనిషి ఒకటి మూసుకుని ఎందుకు చూస్తాడో నాకు తెలుసు. రెండూ తెరిస్తే ఒక్క వస్తువు రెండుగా కనిపిస్తుంటే మూస్తాడు.

భోజనం అవగానే బారుకు వెళ్లాను. ఎల్వియో, గ్వెర్రీనో చెరో ద్రాక్షసారా గ్లాసు పెట్టుకుని పేకాడుతున్నారు. ఎల్వియో కణతలు రుద్దుకుంటున్నాడు.

"తలనొప్పా, బాబాయ్?" అన్నాను.

"వీడితో పేకాడితే ఎవరికి రాదు?" అన్నాడు ఎల్వియో.

"నీ ముక్కలు చూసుకో ముందు. కొత్త జోడు పెట్టుకున్నా రాణిని చూసి రాజు అంటున్నావు," అన్నాడు గ్వెర్రీనో.

"ఆ దొంగల ఓడ ఆట ఏంటి?"

ఎల్వియో ముక్కల్లోంచి తలెత్తలేదు. "పిల్లలన్నాక ఆడిస్తాం. నువ్వూ చిన్నప్పుడు నా భుజాలెక్కి ఊరేగావు."

"కొత్త జోడుతో బానే కనిపిస్తోందా?"

"కొత్తది పెట్టుకుంటే నాలుగు రోజులు నేల ఊగదా, అమ్మాయ్? అలవాటవ్వాలి. తొమ్మిదేళ్లప్పుడు ఆవులే చిన్నవైపోయాయి నాకు. దానికే అలవాటు పడ్డాను."

నేను గ్వెర్రీనో వైపు తిరిగాను. "అద్దం నడిబొడ్డు ఎక్కడ పెట్టారు?"

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఫ్రేము నడుమ. ఇంకెక్కడ పెడతారు? నెత్తి మీదా? ముప్ఫై ఏళ్లు అక్కడే పెట్టాం. ఒక్కటి కూడా వెనక్కి రాలేదు. మీ ల్యాబులో ఇంకోలా నేర్పారేమో."

"ఆయన కనుపాపల మధ్య దూరం కొలిచారా?"

"దాని మొగుడి ముక్కు కొలుచుకోమను," అన్నాడు గ్వెర్రీనో ఎల్వియోతో. ఇద్దరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

అప్పుడే అర్థమైంది. ఆ ఫ్యాక్టరీలో వాళ్లు బిగించింది షాపు కిటికీల్లో పెట్టే జోళ్లకు, పవరు లేని ఉత్త అద్దాలు. వాటిని ఫ్రేము నడుమ పెట్టినా తేడా ఉండదు. ఎల్వియో అద్దం అలాంటిది కాదు. నడుమ పలచన, అంచుకు పోయేకొద్దీ మందం. సరిగ్గా నడుమ నుంచి చూస్తేనే వెలుగు తిన్నగా వస్తుంది, పక్కనుంచి చూస్తే వంగి వస్తుంది. పాత జోడు చిన్నది కాబట్టి సరిపోయింది, ఇంత పెద్ద ఫ్రేములో అద్దాల నడుములు ఆయన కనుపాపల కన్నా బయటికి జరిగాయి. కాబట్టి ఆయన రెండు కళ్లూ అద్దాల లోపలి సగం నుంచి చూస్తున్నాయి. బొమ్మ ఒకటిగా కలవాలంటే కళ్లు రెండూ రోజంతా కొద్దిగా బయటికి తిరిగి ఉండాలి. మెదడు దూరాన్ని లెక్కగట్టేది కొంతవరకు ఆ తిరుగుడును బట్టే. బయటికి తిరిగాయంటే వస్తువు దూరంగా ఉందని నమ్ముతుంది. ఎదురొచ్చే లారీ ఉన్నదానికంటే దూరంగా కనిపిస్తుంది. సాయంత్రానికి కళ్లు అలిసిపోతాయి. అప్పుడు బొమ్మ రెండుగా విడిపోతుంది.

ఇదంతా చెప్పబోయాను. ఎల్వియో పేకముక్కలు బల్ల మీద బోర్లా పెట్టాడు.

"వీడు తన చేతులతో చేసిచ్చిన జోడు ఇది. బాలేదని నువ్వు చెప్పించకు నాచేత. అంత అనుమానంగా ఉంటే రేపు నువ్వే బస్సెక్కి చూడు."

మర్నాడు పొద్దున తుల్లియాని నా కారులోనే దింపాను. రోజంతా ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్నాను. మున్సిపల్ ఆఫీసుకు ఒక్క మాట చెబితే చాలు, ఎల్వియోని సీట్లోంచి దింపేస్తారు. పింఛనుకు ఇంకా రెండేళ్లుంది. ఈ వయసులో ఒకసారి దింపితే మళ్లీ ఎక్కించరు. నా అనుమానం తప్పని తేలితే? చెప్పకుండా ఊరుకుంటే? చివరికి ఒక గంట సెలవు పెట్టి బడి దగ్గరికి వెళ్లాను.

నేను చేరేసరికి తుల్లియా బస్సులో కూర్చుని ఉంది. దాన్ని దింపి కారెక్కించుకోవచ్చు. కానీ పక్కనే గ్రేటా ఉంది, వెనక కవలలున్నారు, ఇంకా ఎందరో. వాళ్ల అమ్మలకు ఏమని చెప్పను? ఎక్కి డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నాను.

"వచ్చావూ," అన్నాడు ఎల్వియో అద్దంలోంచి చూస్తూ. "పట్టుకుని కూర్చో, తల్లీ. రాళ్లు పడతాయేమో పైనుంచి." ఎగతాళి చేశాడు.

నవంబరు కదా, ఎండ అప్పటికే కొండ వెనక్కి పోయింది. మొదటి మలుపు దగ్గర హారన్ కొట్టి, నెమ్మదిగా తిప్పాడు. రెండో మలుపులో ముందు చక్రం అంచు రాళ్ల దాకా వెళ్లి తిరిగింది. పిల్లలు "మూయండి, మూయండి" అని అరిచారు. అందరూ ఒక కన్ను మూసుకున్నారు. ఎల్వియో మూయలేదు. నేను చూస్తున్నాను కాబట్టి మూయలేదు. నా వల్లే ఆయన మరీ ఘోరంగా నడుపుతున్నాడు.

"ఎల్వియో తాత ఓడిపోయాడు," అంది తుల్లియా.

"నోర్మూసుకో," అన్నాను. అది బిత్తరపోయి చూసింది.

వంతెన కనిపించింది. అటునుంచి దుంగల లారీ ఒకటి దాని మీదికి ఎక్కింది. ఎల్వియో వేగం తగ్గించలేదు. నేను లెక్కపెడుతున్నాను, ఇప్పుడు తొక్కుతాడు, ఇప్పుడు తొక్కుతాడు. లారీ దీపాలు మా ముఖాల మీద పడ్డాయి.

"బాబాయ్."

ఆయన బ్రేకు ఒక్కసారిగా తొక్కాడు. సంచులు ముందుకు దొర్లాయి. గ్రేటా తల సీటుకు కొట్టుకుని ఏడుపు మొదలెట్టింది. బస్సు వంతెన పిట్టగోడకు చెయ్యెడు దూరంలో ఆగింది. ఎదురుగా లారీ కూడా ఆగి హారన్ మోగించింది.

ఎల్వియో రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి. వెనక్కి తిరగకుండా మెల్లగా అడిగాడు. "అమ్మాయ్, వంతెన ఒకటేగా?"

"ఒకటే."

"నాకు రెండున్నాయి. రెంటి మీదా లారీ ఉంది."

"ఒక కన్ను మూయండి."

"మూస్తే ఒకటే అవుతుంది. కానీ అదెంత దూరంలో ఉందో చెప్పలేను. వారం నుంచీ అలాగే నెట్టుకొస్తున్నా."

"నేను దిగి ముందు నడుస్తాను. చెయ్యి చూపిస్తూ దాటిస్తాను."

వెనక గ్రేటా ఇంకా వెక్కుతోంది. ఆయన ఇంజను ఆపాడు, హ్యాండ్ బ్రేకు లాగాడు, తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు.

"ఇది నా దగ్గరుంటే మళ్లీ తిప్పుతాను. నువ్వుంచు."

లారీ డ్రైవరు దిగి వచ్చి కిటికీ కొట్టాడు. "ఏం పెద్దాయనా, ఇక్కడే కాపురం పెడతావా? వెనక్కి తియ్యి. దుంగలేసుకుని నేనెట్టా తీసేది?"

"తియ్యలేను, బాబూ. నాకు కనపడట్లేదు. లోపల పిల్లలున్నారు."

అతను లోపలికి తొంగిచూశాడు. వెళ్లి లారీని అంగుళం అంగుళం వెనక్కి తీసి, వంతెన ఖాళీ చేశాడు.

ఎల్వియో పిల్లలందరి ముందే మున్సిపల్ ఆఫీసుకు ఫోను చేశాడు. "బస్సు ఆపేశాను. బండి బానే ఉంది, నా కళ్లే బాలేవు. ఇంకొకర్ని పంపండి." మేం పిల్లల్ని వరసగా నడిపించుకుంటూ వంతెన దాటించాం. ఆయన ఆ జోడు తీసి జేబులో పెట్టుకుని, చివరన కవలల్లో ఒకడి భుజం పట్టుకుని నడిచాడు.

మర్నాడు ఆయనే నన్ను గ్వెర్రీనో కింది గదికి రమ్మన్నాడు. జోడు పెట్టుకుని నిలబడ్డాడు. నేను సిరా పెన్నుతో ఆయన కనుపాపల ఎదురుగా అద్దాల మీద రెండు చుక్కలు పెట్టాను. గ్వెర్రీనో జోడు తీసుకుని, దీపం కింద పెట్టి కొలబద్ద ఆనించాడు. రెండు చుక్కలూ ముక్కు వైపుకు జరిగి ఉన్నాయి. మళ్లీ మళ్లీ కొలిచాడు.

"బిగింపు మాత్రం గట్టిగా ఉంది," అన్నాడు చివరికి.

"గట్టిగానే ఉంది. నా ముఖానికి కాదంతే," అన్నాడు ఎల్వియో.

"ముప్ఫై ఏళ్లు బిగించాం కదరా. వాటి వెనక ఒక్క ముఖమూ లేదు." గ్వెర్రీనో జోడును బల్ల మీద పెట్టి, చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. "ఎంతమందికి చేసిచ్చానో. అందరికీ కబురు పంపాలిప్పుడు."

ఎల్వియో బస్సును కొన్నాళ్లు కింది ఊరివాడొకడికి ఇచ్చారు. ఎల్వియో బెల్లూనో పట్నం వెళ్లి, జీవితంలో మొదటిసారి షాపులో జోడు కొనుక్కున్నాడు. చిన్న గుండ్రటిది, అందం చందం లేనిది. డాక్టరు పరీక్ష చేసి రాసిచ్చాడు. ఆఫీసువాళ్లు ఖాళీ బస్సుతో పైకీ కిందికీ తిప్పించి చూశారు. ఫోను చేసి తానే ఆపాడు కాబట్టి మళ్లీ సీటు ఇచ్చారు.

ఆదివారం మా గుమ్మంలోకి వచ్చాడు. లోపలికి రాలేదు.

"రేపట్నుంచి నేనే. మీ పిల్లని ఎక్కిస్తావో లేదో నీ ఇష్టం. ఎక్కించకపోయినా ఏమీ అనుకోను."

సోమవారం పొద్దున మిగతా తల్లులు కూడా పిల్లల చేతులు పట్టుకుని నిలబడే ఉన్నారు. ఎవరూ ముందుకు కదల్లేదు. అందరూ నా వైపే చూస్తున్నారు. బస్సు తలుపు తెరుచుకుంది. తుల్లియా నా చెయ్యి లాగింది.

"ఎలా ఉంది, బాబాయ్?" అన్నాను.

ఆయన జోడు సర్దుకోలేదు, నవ్వలేదు. "అన్నీ మళ్లీ దగ్గరికొచ్చాయి, అమ్మాయ్. రాయి, అంచు, ఎదురొచ్చే బండి. నిన్న ఒక్కడినే తిప్పుతుంటే ఒళ్లంతా చెమటలు పట్టాయి. భయమేస్తోంది."

ఆ మాట విన్నాకే తుల్లియా చెయ్యి వదిలాను.