మగ్గం తొక్కే కాళ్లు

మహబూబ్‌నగర్ జట్టుతో ఫుట్‌బాల్ ఫైనల్‌కు ముందురోజు, నల్లగొండ హాస్టల్లో అన్నం తింటూ ఇద్దరు సెంటర్ ఫార్వర్డులనూ తూకం వేశాం. వాళ్లవాడు దొర కొడుకు, బూట్లేసుకుని ఆడతాడు. మావాడు గుంటమగ్గం నేసేవాళ్ల కొడుకు, ఉత్త కాళ్లతో ఆడతాడు. అతను మా పక్కనే తింటున్నాడు.

"వానియి గుర్రం కాళ్లురా. మనోనియి మగ్గం తొక్కే కాళ్లు, గుంటల కూసుంటెనే ఆడతయి," అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. అతను చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు.

మరునాడు రెండు గోల్స్ కొట్టి గెలిపించాడు. సిగ్గులేని నేనే అతన్ని భుజాలకెత్తుకున్నాను. మా ఇద్దరిదీ ఒకటే వీధని హాస్టల్లో ఎవరికీ తెలియదు. అతను వంగి, నాకొక్కడికే వినపడేలా అడిగాడు:

"మగ్గం తొక్కి తొక్కి మీ బాపు కాళ్లు వాచినయటగదా, జర తగ్గినయారా?"