గడప దగ్గర విడిచిన షూ

మా మేనత్త పోయింది. పొద్దున్నే బావ ఫోన్ చేసి ఆ మాట చెప్పి, "మూడింటికి పెట్టె మూసేస్తారు. అమ్మకి కొత్త షూ నాను తెత్తన్నాను. నువ్వు చీర సంగతి సూడు" అన్నాడు. కూర్మన్నపాలెంలో ఆటో ఎక్కి గోపాలపట్నం వెళ్తుంటే నాకు ఏడుపు రాలేదు. ఏ సైజు తెస్తున్నాడో అన్న భయం పట్టుకుంది. మనిషి పోయిన రోజున ఇలాంటి భయం పడటం దుఃఖం కిందికి వస్తుందో రాదో నాకిప్పటికీ తెలియదు.

మేం క్రైస్తవులం. మావాళ్లలో పోయినవాళ్లని ప్రయాణానికి తయారుచేసినట్టే చేస్తారు. తెల్ల చీర, తెల్ల మేజోళ్లు, ముందు మూసి ఉండే కొత్త షూ. అత్తకి ఆ పద్ధతి తెలుసు. అందుకే మొన్న వానాకాలం ఆస్పత్రి మంచం మీద నా చెయ్యి పట్టుకుంది. "ఒకటే సెప్తన్నాను అమ్మడూ. బతికినన్నాళ్లూ కుంటుకుంటూనే నడిశాను. పోయినప్పుడైనా బిగుతు షూ తొడగనీకు" అంది. నవ్వుతూనే అంది గానీ నేను సరేననేదాకా చెయ్యి వదల్లేదు.

అత్త పాదాలు మా నాన్నమ్మ నుంచి వచ్చినవి. నావీ అవే. ముందు వెడల్పు, మడమ సన్నం, బొటనవేలి పక్కన ఎముక బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. వేళ్లకి సరిపోయే షూ మడమ దగ్గర జారిపోతుంది. మడమకి అమరినది వేళ్లని నలిపేస్తుంది. రేవు దగ్గర ఆఫీసులో పనిచేసినన్నాళ్లూ అత్త అలాంటి బిగుతు నల్ల షూలోనే నడిచింది. సాయంత్రం ఇంటికొచ్చి గడప మీద కూర్చుని, వాటిని విప్పి, వేళ్లు ఒక్కొక్కటే విడదీసుకునేది.

నాకు కాలేజీలో ఉద్యోగం వచ్చిన కొత్తలో షూ కొనడం నేర్పింది ఆవిడే. పొద్దున్న వెళ్లనిచ్చేది కాదు. సాయంత్రానికి కాళ్లు ఉబ్బుతాయి, అప్పుడు పట్టిందే పట్టినట్టు. కూర్చుని చూసుకోకూడదు, నిలబడాలి. షాపులో పరిచిన మెత్తటి పట్టా మీద కాదు, బయటి గచ్చు మీద నడిచి చూడాలి. ఒక షాపతను, "వాడగా వాడగా లూజవుతాదమ్మా" అన్నాడు. అత్త అతన్ని ఎగాదిగా చూసి, "లూజయ్యేది నీ షూనా, నా ఎముకా బాబూ?" అంది.

ఒక్క విషయంలో మాత్రం ఆవిడ మొండి. ఎవరడిగినా తన సైజు ఆరు అనే చెప్పేది. షాపులో ఆరు తెప్పించి, కాలు పెట్టి, "మీ ఆరు సిన్నగా ఉన్నాది, ఎనిమిది తే" అనేది. ఇంటికి రాగానే షూ అడుగున ఉన్న నంబరు బ్లేడుతో గీకేసేది. "ఏటత్తా ఇది?" అని నవ్వితే, "మీ మావయ్య పెళ్లిచూపుల్లో నా కాళ్లే సూశాడు. ఆరని సెప్పేశాను. ఇప్పుడు మాట మార్సమంటావేటి?" అనేది. మావయ్య పోయాక కూడా మార్చలేదు.

రెండేళ్ల కిందట మద్దిలపాలెంలో ఇద్దరం షాపులన్నీ తిరిగాం. చివరి షాపులో ఒకే ఒక్క జత దొరికింది. నల్లవి, మెత్తటి తోలు. అత్త తొడుక్కుని గచ్చు మీద ఆ చివరికీ ఈ చివరికీ నడిచింది. అంత తేలిగ్గా ఆవిడ నడవడం నేనెప్పుడూ చూడలేదు. తిరిగొచ్చి, విప్పి, నా ముందు పెట్టింది. "నువ్వు తీసుకో. క్లాసులో నిలబడాల. నాను కూచునేదాన్నే." వద్దన్నాను. విన్లేదు.

ఆ రోజు గోపాలపట్నంలో బావ తెచ్చినవి ఆరు నంబరు. తళతళలాడుతున్నాయి. సగం పాదం కూడా లోపలికి పోలేదు. పెట్టె తెచ్చినాయన ఓపిగ్గానే చెప్పాడు, "ఎనకాల కోసేద్దారమ్మా. ముందు నుంచి సూస్తే తెలీదు. అందరికీ అలాగే సేత్తాం."

"వద్దు. నేను వేరేవి తెస్తాను," అన్నాను. ఇంట్లో ఉన్న ఆవిడ పాతవన్నీ వేళ్లు నలిపినవే.

"టైమేదీ? పాస్టరుగారు బయల్దేరిపోనారు," అన్నాడు బావ.

మెయిన్ రోడ్డు మీదికి పరిగెత్తాను. ఒక షాపులో ఆడవాళ్లకి ఏడు దాటి లేవు. ఇంకో చోట ఎనిమిది ఉంది గానీ ముందు సూదిమొన. మగవాళ్ల వరసలో వెతికితే పడవలంత ఉన్నాయి. చేతిలో ఫోన్ మోగుతూనే ఉంది. పోయినవాళ్లకి నొప్పి ఉంటుందా అని నన్ను నేనే అడుక్కున్నాను. ఉండదనే అనుకున్నాను. అయినా ఇంకో షాపు మెట్లు ఎక్కాను. అక్కడా లేవు.

ఉత్త చేతులతో తిరిగొచ్చాను. గడప బయట వచ్చినవాళ్ల చెప్పులన్నీ గుట్టపడి ఉన్నాయి. వాటి పక్కన నా షూ, మద్దిలపాలెంలో అత్త ఇచ్చినవి, విడిచాను. లోపల పెట్టె తెచ్చినాయన కత్తి తీసి కొత్త షూ మడమ దగ్గర ఆనించాడు. నేను ఆగిపోయి, వెనక్కి తిరిగి గడప వైపు చూశాను. ఎంతసేపు చూశానో, "ఏటే, ఏటయింది?" అన్నాడు బావ.

వెళ్లి నా షూ తీసుకుని, కొంగుతో అడుగు దాకా తుడిచి తెచ్చాను.

"వాడినవా? అమ్మకా?" బావ గొంతు లేచింది. మూలనున్న పెద్దావిడ, "గడపావల ఇడిసిన సెప్పులు పెట్టెలోకేటమ్మా, తప్పు కదా?" అంది. తప్పేనేమో. నాకు ధైర్యం చాల్లేదు. అయినా ఒక షూ తీసుకెళ్లి అత్త అరికాలికి ఆనించాను. అంచుకి అంచు కలిసింది.

"మీ అమ్మది ఎనిమిది, బావా."

"ఆరు," అన్నాడు. తర్వాత ఆ పాదం వంకే చూస్తూ, "నాకెప్పుడూ సెప్పనేదేటే?" అన్నాడు.

"మావయ్యక్కూడా చెప్పలేదు."

అతని మొహంలో ఏదో కదిలింది, నవ్వో ఏడుపో. పక్కకి జరిగాడు. మేజోడు మీద నుంచి షూ చప్పుడు లేకుండా జారింది. రెండోదీ అంతే. పెట్టె తెచ్చినాయన కత్తి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

శ్మశానానికి నేను చెప్పుల్లేకుండానే వెళ్లాను. బావ తనవి ఇవ్వబోతే వద్దన్నాను. రాత్రి కురిసిన వానకి ఎర్రమట్టి మెత్తగా ఉంది. పాటయ్యాక గుప్పెడు మట్టి వేసి, అందరికంటే ముందే బయటికి నడిచాను. చేసింది సరేనా అని అడగడానికి అత్త లేదు. గేటు దగ్గర ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాను. ముందు వెడల్పు, మడమ సన్నం, బొటనవేలి పక్కన లోతుగా దిగిన చిన్న గుంట. తడి మట్టిలో, సమాధి దగ్గర మొదలై నేను నిలబడ్డ చోటి దాకా, వరసగా మా అత్త అడుగులు.