ఏడో నంబరు బస్సులో సిర్క

రైమో భార్య సిర్క, పోయాక కూడా ప్రతి సాయంత్రం అతని బస్సెక్కుతూనే ఉండేది. ఎక్కడమంటే లాప్‌టాప్‌లో లెండి.

మా కయానీ పట్నంలో రైమో జీవితమంతా ఏడో నంబరు బస్సు నడిపి రిటైరయ్యాడు. మర్నాడే మళ్లీ బస్సెక్కాడు, ఈసారి వంటింటి బల్ల దగ్గర. బస్సు నడిపే ఆట అది. ఆ ఆటలోకి మా ఊరి వీధుల్ని ఎక్కించినవాడు ఆర్నె, అదే డిపోలో ఇంకో డ్రైవరు, రైమోకి ప్రాణస్నేహితుడు. మా చలికాలాలు ఎంతకీ తెమలవు గనక ఇక్కడ ఇలాంటి పిచ్చిపనులు బోలెడు జరుగుతాయి. ఆర్నె ఒక్కో స్టాపూ, ఒక్కో భూర్జ చెట్టూ, గుంతలు పడ్డ మలుపుతో సహా గీశాడు. అది చాలక, ఆ దారిలో రోజూ తిరిగే వాళ్లను ఇంటికి పిలిచి, కాఫీ పోసి, ఫోటోలు తీసి, గొంతులు రికార్డు చేసి, ఎక్కడ ఎక్కుతారో ఎక్కడ దిగుతారో అడిగి మరీ అందులో పెట్టాడు. సిర్క కూడా వెళ్లి కూర్చుంది. అప్పటికే ఆమెకు ఒంట్లో బాగుండటం లేదు.

ఆ తర్వాత సిర్క పోయింది. మొన్న ఈస్టరుకి ఆర్నె కూడా పోయాడు.

రైమో లాప్‌టాప్ పాతది, రెండు కోర్లది. పాపం అది అంతమందిని మోయలేక స్టాపుకొకరినే చూపించేది, గొంతులైతే అసలు వినిపించేదే కాదు. లైబ్రరీ స్టాపులో మాత్రం ఆ ఒక్కరూ ఎప్పుడూ సిర్కే. నీలం కోటు, ఉన్ని టోపీ. చెయ్యెత్తేది. ఇక్కడ చెయ్యెత్తకపోతే కట్టుకున్న పెళ్లాం నిలబడినా బస్సు ఆగదు. రైమో ఆపేవాడు. ఆమె ఎక్కి, అద్దంలో కనబడేలా ముందు సీట్లో కూర్చుని, ఆఖరి స్టాపు దాకా వచ్చేది. తన మీద ప్రేమతో ఆర్నె అలా పెట్టాడని రైమో నమ్మకం. ఆమె ఉలుకూ పలుకూ లేకుండా కూర్చోవడం కూడా అతనికి వింతగా తోచేది కాదు. బతికున్నప్పుడూ అంతే. "ఇంట్లో మొగుడివి, బస్సులో డ్రైవరువి. డ్రైవరుతో మాట్లాడకూడదని బోర్డుందిగా," అనేది.

నవంబరులో ఆ లాప్‌టాప్ కాలిన వాసన కొట్టి ఆరిపోయింది. రైమో దాన్ని దుప్పట్లో చుట్టుకుని మెర్వి కంప్యూటర్ల దుకాణానికి పరిగెత్తాడు. మెర్వి స్కూలుకెళ్లే రోజుల్లో అతని బస్సే ఎక్కేది.

"ఇక దీని పని అయిపోయింది, రైమో గారూ. లోపలున్నవన్నీ కొత్తదాంట్లోకి ఎక్కిస్తాను. ఇంతకీ ఆడేదెవరు, మనవడా?"

"నేనే."

"ఏం ఆట?"

"బస్సు. ఆర్నె చేసింది."

మెర్వి నవ్వాపుకుంది. "అన్నేళ్లు నడిపారుగా, ఇంకా మోజు తీరలేదా?"

"నీకేం తెలుసు. వెనక సీట్లో పడుకుని నిద్రపోయేదానివి. డిపోకి వచ్చాక నేను లేపాలి."

మెర్వి రెండు లాప్‌టాప్‌లు బల్ల మీద పెట్టింది. "ఇది రెండు కోర్లది, అది నాలుగు. కోరంటే లోపలుండే పనివాడనుకోండి. ఇద్దరే ఉంటే రోడ్డు గీయడానికీ, మంచు కురిపించడానికీ సరిపోతారు. మనుషుల దగ్గరికొచ్చేసరికి కొందర్ని వదిలేస్తారు."

"ఎవర్ని వదిలేస్తారు?"

"అది చెప్పలేం. మెషీన్‌ని బట్టి మారుతుంది. మీ పాతదాంట్లో కనబడ్డవాళ్లు ఇందులో కనబడకపోవచ్చు."

రైమో సిర్కని ఒకసారి పోగొట్టుకున్నాడు, ఇప్పుడు లాప్‌టాప్ లోపలి ఒక చిన్న బిళ్ల కోసం రెండోసారి పోగొట్టుకోవాలా? "నాలుగైతే?" అన్నాడు.

"ఒక్కర్నీ వదలరు. పైగా ఆర్నె గారు మనిషికో బుర్ర పెట్టారు ఇందులో. నలుగురు పనివాళ్లుంటే ఆ బొమ్మలు తమంతట తామే ఆలోచించుకుంటాయి. కానీ వేడెక్కుతుంది, ఫ్యాను మోత పెడుతుంది. నన్నడిగితే మీ వయసుకి రెండు కోర్లది చాలు."

తమంతట తామే అన్న మాట రైమో చెవికెక్కనే లేదు. ఒక్కర్నీ వదలరన్న దగ్గరే అతని ఆలోచన ఆగిపోయింది. "నా వయసు సంగతి నీకెందుకమ్మాయ్. నాలుగు కోర్లదే ఇవ్వు," అన్నాడు.

ఇంటికొచ్చేసరికి బయట చీకటి పడిపోయింది. నవంబరులో మాకు మధ్యాహ్నం కాఫీ వేళకే దీపాలు పెట్టుకోవాలి. రైమో కోటు కూడా విప్పకుండా కూర్చుని బస్సు బయల్దేరదీశాడు.

మొదటి స్టాపులోనే నలుగురు చెయ్యెత్తారు. రెండో దాంట్లో ఇంకా ఎక్కువమంది. ఎక్కినవాళ్లు దగ్గుతున్నారు, బూట్ల మంచు దులుపుకుంటున్నారు, చేపలు పడటం లేదని సణుగుతున్నారు. అన్నీ ఎరిగిన గొంతులే. రైమోకి మొదట సంబరమేసింది. కాసేపటికి అద్దంలోకి తేరిపార చూశాడు. కాగితం మిల్లు తాయిస్తో. పూలకొట్టు కెర్త్తు. చర్చిలో ఆర్గన్ వాయించే ఆవిడ. వాళ్లందరి అంత్యక్రియలకీ వెళ్లి, తర్వాత పెట్టిన కేకు తిని వచ్చినవాడే రైమో. బతికున్నవాళ్లెవరైనా ఉన్నారా అని వెతకబోయి, భయమేసి మానుకున్నాడు.

లైబ్రరీ స్టాపు వచ్చింది. నీలం కోటు. సిర్క చెయ్యెత్తింది.

రైమోకి కళ్లనీళ్లు ఆగలేదు. ఆమె ఎక్కి ముందు సీట్లోనే కూర్చుంది. ఇన్నాళ్లూ తల కూడా కదపని మనిషి, ఇప్పుడు చేతితొడుగుతో కిటికీ మీది ఆవిరి తుడిచి బయటికి చూసింది. అది అచ్చంగా ఆమె అలవాటే. రైమోకి ఇంకా సంతోషంగానే ఉంది.

ఆసుపత్రి మలుపు దగ్గర గంట మోగింది. దిగేవాళ్లు బొత్తాం నొక్కితే డ్రైవరు ముందు వెలిగే ఎర్రదీపం వెలిగింది. ఎవరు నొక్కారా అని అద్దంలో చూస్తే, సిర్క చెయ్యి ఇంకా బొత్తాం మీదే ఉంది.

ఆమె ఆసుపత్రి దగ్గర దిగబోతోంది. ఆ ఆసుపత్రిలోకే వెళ్లి ఆమె మళ్లీ రాలేదు. ఇన్నాళ్లూ ఆఖరి స్టాపు దాకా వచ్చింది అతని కోసమూ కాదు, ఆర్నె దయా కాదు. ఎక్కడ దిగాలో ఆమెకు గుర్తుచేసే తీరిక ఆ పాత మెషీన్‌కి లేకపోయింది, అంతే.

ఎర్రదీపం వెలిగాక ఆపకుండా పోవడం డ్రైవర్లలో చెప్పుకోలేని సిగ్గు. రైమో ఉద్యోగంలో ఒక్కనాడూ ఆ పని చెయ్యలేదు. ఇప్పుడు చేశాడు. ఆసుపత్రి దీపాలు పక్కనుంచి వెనక్కి పోయాయి.

బస్సులో మాటలు ఒక్కసారిగా ఆగిపోయాయి. అద్దంలో తలలన్నీ అతనివైపే తిరిగి ఉన్నాయి. అప్పుడు వినబడింది సిర్క గొంతు.

"రైమో. నా స్టాపు దాటించేశావు."

ఆర్నె ఇంట్లో కాఫీ తాగుతూ రికార్డు చేసిన గొంతేనని రైమోకి తెలుసు. తెలిస్తే మాత్రం? ఆ మాట ఆర్నె రాసిచ్చేది కాదు. తను పోతానని, పోయాక కూడా మొగుడు తనని దిగనివ్వడని తెలిసి, సిర్కే తనకై తాను పలికి ఉంచింది. జబ్బు సంగతి ఇంట్లో ఒక్కనాడూ మాట్లాడుకోలేదు వాళ్లిద్దరూ. ఆమె ఎత్తబోతే అతనే లేచి సావిట్లోకి పోయేవాడు.

"ఇంకొంచెం దూరం రావే," అన్నాడు రైమో, ఖాళీ వంటింట్లో, పైకే.

"నన్ను దింపు, రైమో. అలసిపోయాను."

వంతెన మీద స్టాపు లేదు. అయినా బ్రేకు వేసి తలుపు తీశాడు. సిర్క దిగింది, మంచులో వెనక్కి ఆసుపత్రి వైపు నడిచింది, తిరిగి చూడలేదు. ఆమె కనబడినంతసేపూ రైమో పక్క అద్దంలోంచి కళ్లు తిప్పుకోలేదు.

మర్నాడు లైబ్రరీ స్టాపులో ఆమె లేదు. ఆ మర్నాడూ లేదు. మెర్వి వచ్చి లాప్‌టాప్ అంతా గాలించింది. "ఆవిడ బొమ్మ ఉంది, గొంతుంది, అన్నీ ఉన్నాయి. ఎందుకు ఎక్కడం లేదో నాకు మటుకు అంతు చిక్కడం లేదండీ," అని రైమో మొహం చూసి, కోటు తొడుక్కుని వెళ్లిపోయింది.

అయినా రైమో మానలేదు. ఎవరూ చెయ్యెత్తకపోయినా రోజూ లైబ్రరీ దగ్గర బస్సాపి, తలుపు తీసి కూర్చునేవాడు. వెనక జనం విసుక్కునేవాళ్లు, అతను పట్టించుకునేవాడు కాదు. ఒక సాయంత్రం బాగా వెనక సీట్లోంచి ఎవరో గొంతు సవరించుకున్నారు. ఆర్నె తనని కూడా అందులో పెట్టుకున్నాడని రైమోకి ఆ క్షణం దాకా తెలియదు.

"అక్కడెవరూ లేర్రా, రైమో," అంది ఆర్నె గొంతు. "తలుపు వేసెయ్. మాకందరికీ చలేస్తోంది."

రైమో తలుపు వేశాడు.