ఆరేసిన వల

మొన్న గిలకలదిండి వెళ్తుంటే, రోడ్డు పని జరుగుతోందని అడ్డంగా డ్రమ్ములు పెట్టి బళ్ళన్నిటినీ జాలర్ల పాలెంలోకి మళ్ళించారు. సందు పొడుగునా వల ఆరేసి ఉంది. ఆలస్యమవుతోందని దాని మీదుగానే స్కూటీ పోనిచ్చాను. టైరు కింద నుంచి ఉప్పూ చేపా కలిసిన వాసన గుప్పుమంది.

చిన్నప్పుడు నాగాయలంక దగ్గర కరకట్ట మీద రోడ్డు వేస్తున్నన్నాళ్ళూ మా సైకిళ్ళకి ఇలాంటి పాలెమే దారి. అందరూ బెల్లు కొట్టుకుంటూ వలల మీదే తొక్కుకుపోయేవారు. బడిపంతులైన మా నాన్న మాత్రం నన్ను దింపి, తన చెప్పులు నా చేతికిచ్చి, సైకిలు భుజానికెత్తుకుని ఉత్తికాళ్ళతో దాటేవారు.

"మేష్టారూ, మీరు సైకిలెక్కారా, సైకిలే మిమ్మల్నెక్కిందాండీ?" అని ఓ రోజు వెనక సైకిలు మీదొస్తున్న ఒకాయన అరిచాడు. అందరూ నవ్వారు.

సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. నాన్నకి పాలెంవాళ్ళంటే భయమనుకున్నాను.

"మనమూ తొక్కుకుంటూ పోదాం నాన్నా. వాళ్ళేం కొట్టరులే," అన్నాను.

"పుస్తకాన్ని చెప్పులతో తొక్కుతామా అమ్మా? వాళ్ళకిదీ అంతే," అన్నారు నాన్న, ఆయాసపడుతూ.

అదీ ఒక సాకే అనుకున్నాను.

మొన్న అదంతా గుర్తొచ్చి, స్కూటీ ఆపి వెనక్కి చూశాను. గుమ్మంలో కూర్చున్న ముసలావిడ లేచొచ్చి, వల మీద పడిన టైరు మట్టిని చేత్తో దులుపుతోంది.

"పర్లేదమ్మా, వెళ్ళు. దారి మూసేస్తే నువ్వు మాత్రం ఏం చేస్తావు?" అంది.

చెవులు మళ్ళీ అలాగే కాలాయి. చెప్పులు విప్పుదామంటే, వల అప్పటికే దాటేశాను.