సారు అడిగిన ఒక్క పొద్దున

పుంగనూరులో నాకు ఇంటర్ ఫిజిక్స్ చెప్పిన సారు గత మంగళవారం ఉదయం ఆరు గంటలకు మదనపల్లె ఆసుపత్రిలో చనిపోయారు. గుండెపోటు. ఆయన చివరి పని పూర్తి కాలేదు. కానివ్వలేదు అనడం సరైన మాట.

ఆ తర్వాత సారు బెంగళూరులో ఒక పరిశోధన ల్యాబులో చేరారు, అక్కడ రిటైరయ్యాక కుప్పంలో ఉన్నారు. అక్కడికి దగ్గర్లోని ఒక ఊళ్లో, పాత గ్రానైటు గుంతను రాతి చెత్తతో పూడ్చారు. దాన్ని ఆనుకునే బడి ఉంది. పూడ్చిన గుంత బడి గోడ బయటే ఆగిందా, గదుల కిందికి వచ్చిందా ఎవరూ చెప్పరు. గచ్చు మాత్రం పగిలింది. పిల్లలు ఆ గదుల్లోనే కూర్చుంటున్నారు.

తవ్వకుండా తేల్చవచ్చని సారు ల్యాబు యంత్రాన్ని వ్యానులో తెప్పించారు. రుబిడియం అనే లోహపు వాయువును లేజర్లతో విపరీతంగా చల్లబరిస్తే పరమాణువులన్నీ ఒకే అలగా నడుస్తాయి. "బడి విడిస్తే పిల్లోళ్లు తలా ఒక దిక్కు పరిగెత్తరా? ప్రార్థనకు నిలబడితే ఎట్లుంటారు? ఇదీ అంతే" అనేవారు. ఆ అలను కిందికి జారవిడిచి, రెండుగా చీల్చి, మళ్లీ కలుపుతారు. కలిసిన చోట ఏర్పడే చారలను బట్టి నేల ఎంత బలంగా లాగుతోందో తెలుస్తుంది. కింద గట్టి బండ ఉంటే లాగుడు కాస్త ఎక్కువ, వదులు చెత్త ఉంటే తక్కువ. అయితే నేల అదిరితే చారలు చెదిరిపోతాయి. పక్కనే కంకర కొట్టే క్రషర్ రాత్రింబగళ్లు ఆడుతోంది.

సారు క్రషర్ యజమానిని ఒక్క పొద్దున ఆపమని అడిగారు. విలేకరిగా నేను పక్కనే ఉన్నాను.

"నీ గాలిబుడ్డి కోసరం నా మిషన్ నిలపల్లా సారూ? పోయి పిల్లోళ్లకు ట్యూషన్ చెప్పుకో."

"ఆ పిల్లోళ్ల కోసరమే అడగతాండానప్పా" అన్నారు సారు.

మళ్లీ మళ్లీ వెళ్లారు. ఒకసారి గేటు తీయలేదు, ఒకసారి వ్యాను టైర్లలో గాలి తీశారు. అధికారులు రెండు వైపులా తలూపి ఊరుకున్నారు.

సారు కూడా మెత్తని మనిషి కాదు. ఏదో పత్రిక 'అద్భుత యంత్రం' అని రాస్తే నాకు ఫోన్ చేసి తిట్టారు. రాసింది నేను కాదన్నాను. "అందురూ మీవోళ్లే గదా. అద్భుతం యాడుండాది? పరమాణువు పడతాండాది, కొలస్తాండాం." ఇంటర్‌లోనూ అంతే. జవాబు సరిపోయినా, ఎలా వచ్చిందో చెప్పలేకపోతే సున్నా వేసేవారు. నా వృత్తికి పనికొచ్చిన చదువు అదొక్కటే.

దహనం నాటికి కుప్పంలో ఫ్లెక్సీలు వెలిశాయి. సారు ఫోటో కంటే క్రషర్ యజమాని ఫోటో పెద్దది. శ్మశానంలో అందరి ముందూ ఆయన, సారు తనకు దేవుడితో సమానమని, పెద్దకర్మ రోజు సంతాపంగా మధ్యాహ్నం దాకా క్రషర్ ఆపుతానని ప్రకటించాడు.

సారు దగ్గర పరిశోధన చేసిన చౌడేపల్లె అమ్మాయి ముందుకొచ్చింది.

"నిజంగా నిలపతారా అన్నా?"

"నేను మాటంటే మాటేమ్మా."

"అయితే ఆ పొద్దున వ్యాను తెస్తాను. బడికాడ కొలిచేస్తాం."

ఆయన చుట్టూ చూశాడు. ఊరంతా అక్కడే ఉంది. చేతులు జోడించి చితి వైపు తిరిగాడు. ఆయన ప్రకటనను ఒక్క మాట మార్చకుండా మరునాడు మా పత్రికలో వేశాం.

పెద్దకర్మ శుక్రవారం. ఆరింటికి క్రషర్ ఆగాలి. బడికి ఆ పూట సెలవు. ఏడింటికి పగిలిన గచ్చు మీద యంత్రం నిలబెడతారు. నేను గేటు దగ్గర ఉంటాను. కొలత ఏది వస్తే అది రాస్తాను. క్రషర్ ఆగకపోతే, ఎవరు ఆపలేదో పేరు పెట్టి రాస్తాను.