తెంపని మొక్క

నా భార్య చనిపోయిన ఏడాది, కళ్యాణదుర్గం నుంచి అనంతపురం పోయే బస్సులో నా పక్కన ఒకావిడ కూర్చుంది. ఒళ్లో రెండు చెక్క పలకలు, వాటి మధ్య పాత పేపర్లు, చుట్టూ పట్టీలు.

“ఏందక్కా, గడ్డికి గూడా టికెట్ కొట్టాల్నా?” అన్నాడు, ఆవిడను ఎరిగిన కండక్టర్.

“ఈ పొద్దు గడ్డి గూడా లేదప్పా,” అని నవ్వింది.

మొక్కలను గుర్తించడం, కొత్తది దొరికితే పేరు పెట్టడం ఆవిడ ఉద్యోగం. తెంపి, పేపర్ల మధ్య ఆరబెట్టి, భద్రపరిచిన మొక్క ఉంటేనే ఆ పేరు నిలుస్తుందట. ఇన్నేళ్లలో ఒక్క కొత్త మొక్కా ఆవిడకు దొరకలేదు. ఆ ఉదయం గుట్ట మీద, రాతి పగులులో, ఎక్కడా చూడనిది కనిపించింది. పూత మీద ఉంది.

“తెంపకుండానే వచ్చేసినారా?”

“ఒకటే ఉండాదన్నా. గుట్టంతా వెతికినా. ఇత్తనాలు రాలనీ.”

“వచ్చే వానలకు మళ్లీ వస్తారా?”

“అప్పటికి రిటైరైపోతా. మొలిస్తే ఎవరో ఒకరు చూస్తారు. పేరు వాళ్లే పెట్టుకుంటారు.”

ఖాళీ పలకల పట్టీలను ఆవిడ మళ్లీ బిగించింది.

ఇప్పటికీ కళ్యాణదుర్గం వైపు మబ్బు కమ్మితే, ఆ పగులు తడిసి ఉంటుందా అనుకుంటాను. నా భార్య పోయాక నేను దేనికోసమైనా ఎదురుచూడటం అదే మొదలు.