స్టీలు మూత

కిందటి ఆషాఢంలో ఒక మంగళవారం ఉదయం, ఖరగ్‌పూర్ స్టేషన్‌లో ఆడవాళ్ళ వెయిటింగ్ రూములో కూర్చుని, ఆ ఊళ్ళో తెలుగువాళ్ళుండే ఓల్డ్ సెటిల్‌మెంట్ పేట గుడి ప్రసాదం పొట్లం విప్పాను. పక్కనున్న ముప్పై ఏళ్ళావిడ ఫోనులో తెలుగు మాట్లాడింది కదా అని ఆమెకూ కొబ్బరి ముక్క ఇవ్వబోయాను. ఆమె చెయ్యి చాపలేదు. సంచిలోంచి ఒక స్టీలు మూత తీసి పట్టింది.

"ఇందులో ఎయ్యండి, మామ్మగారూ."

ఆ వేళ్ళ మీద ఎర్రటి మచ్చలు, రాలుతున్న తెల్లటి పొట్టు చూశాను. సోరియాసిస్. ఒంటిని కాయవలసిన శక్తే ఒంటి మీద తిరగబడే ఆ జబ్బు మా మనవరాలికీ ఉంది.

"ఇది అంటుకోదని నాకు తెలీదేటి? సెయ్యి పట్టు తల్లీ," అన్నాను.

ఆమె నవ్వింది. "మీకు తెలుసు. ఎదురు బెంచీ దీదీలకో? బెంగాలీలో, హిందీలో, తెలుగులో సెప్పి సెప్పి అలిసిపోనాను. మూత మొయ్యడమే సులువు."

ముక్కను మూతలోనే వేశాను.

మా మనవరాలికి అప్పట్లో మచ్చలు మోచేతుల దగ్గరే ఉండేవి. ఈ ఏడు వేళ్ళకు దిగాయి. మొన్న సోమవారం కాలేజీకి వెళ్తూ, టిఫిన్ డబ్బాతో ఇంకో మూత పెట్టమంది. ఎందుకని అడగలేదు. కడిగి, తుడిచి పెట్టాను.